మందు అక్కర్లేని జబ్బు

బుధవారం పొద్దున డాక్టర్ హైందవి చెప్పిన మాటకి హైమవతి పొంగిపోవాలి. పంజగుట్టలోని ఆ ఆస్పత్రి మూడో అంతస్తులో, ఆ గది బయట బెంచీల మీద కూర్చున్న వాళ్ళంతా సరిగ్గా ఆ మాట కోసమే కనిపించిన దేవుడికల్లా మొక్కుకుంటున్నారు. హైమవతికి అది మొక్కకుండానే దొరికింది. దొరికిన మరుక్షణం ఆవిడకి గుర్తొచ్చింది తన ఊపిరితిత్తులు కాదు, ఆఫీసులో పక్క సీటు మధులత. 

"మీకిప్పుడు మందేమీ అక్కర్లేదండీ," అంది డాక్టర్.

పక్క కుర్చీలో ఆవిడ భర్త వీర్రాజు ఒళ్ళో ఫైలుతో ముందుకు వంగాడు. బ్యాంకు ఉద్యోగం నుంచి రిటైరైనా ఏ బల్ల ముందు కూర్చున్నా ఆయన కూర్చునే తీరు అదే. "అంటే కీమో..."

"కీమో లేదు, రేడియేషన్ లేదు. చూస్తూ ఉందాం."

"క్యాన్సర్ పెట్టుకుని చూస్తూ ఉండడమేంటండీ?"

ఈ ప్రశ్న ఆ డాక్టరుకి కొత్త కాదని మొహం చూస్తేనే తెలుస్తోంది. కంప్యూటర్ తెరని వాళ్ళ వైపు తిప్పి, కుడి ఊపిరితిత్తి మధ్యలో తెల్లగా కనిపిస్తున్న మచ్చ చుట్టూ పెన్ను మూతతో ఒక సున్నా గీసింది. "ఇది లింఫోమా. మన ఒంట్లో రోగాలతో పోట్లాడే కణాలుంటాయి కదా, వాటిలో కొన్ని దారి తప్పి ఇక్కడే గూడు కట్టుకున్నాయి. ఊపిరితిత్తిలోనే పుట్టే ఈ రకం చాలా అరుదు. అందుకే మీకు మొదట న్యుమోనియా అన్నారు, తర్వాత టీబీ అన్నారు. ఎక్స్‌రేలో మూడూ ఒక్కలాగే ఉంటాయి. సూదితో ముక్క తీసి చూస్తేగానీ తేలదు."

"ఆర్నెల్లు టీబీ మందులు మింగించారు," అన్నాడు వీర్రాజు.

"మింగించకుండా ముందే ముక్క తీసుండాల్సింది. నిజమే," అని ఒప్పుకుంది డాక్టర్. "కానీ ఇది మెల్లగా నడిచే జబ్బు. కొందరిలో ఏళ్ళ తరబడి ఉన్నచోటే ఉండిపోతుంది. స్కాన్‌లో ఒంట్లో ఇంకెక్కడా లేదు. ఎముక మూలుగు పరీక్ష కూడా బాగుంది. ఆవిడకి ఆయాసం లేదు, జ్వరం లేదు, బరువు తగ్గలేదు. ఇప్పుడు మందిస్తే జబ్బు పెట్టే బాధ కన్నా మందు పెట్టే బాధే ఎక్కువ. మూడు నెలలకోసారి వచ్చి చూపించుకోండి. పెరిగిందనుకోండి, అప్పుడు వాడడానికి మంచి మందులున్నాయి."

హైమవతి చీర కొంగు వేలికి చుట్టుకుంటూ అడిగింది. "ఉద్యోగం చేసుకోవచ్చాండీ?"

"నిక్షేపంగా."

"వేరే ఊళ్ళో అయితే? అంటే... ఆసిఫాబాద్ లాంటి చోట?"

వీర్రాజు తల చటుక్కున ఇటు తిరిగింది. డాక్టర్ మాత్రం నవ్వింది. "ఎక్కడైనా చేసుకోండి. వేళకి స్కాన్‌కి వస్తే చాలు. మీది క్యాన్సరే. కాదనను. కానీ మీరు ఇప్పుడు రోగిలా మంచమెక్కాల్సిన పని లేదు."

లిఫ్ట్ దిగి వీర్రాజు ఫైలు చంకలో పెట్టుకుని రోడ్డు మీదికి నడిచాడు. మెట్రో మెట్ల దగ్గర ఆగాడు. "ఆసిఫాబాద్ ఊసు ఎత్తమని ఎవరన్నారు నిన్ను?"

"తెలుసుకుందామని."

"తెలిసిందిగా. ఇక నీలోనే ఉంచుకో."

ఆయన కోపానికి కారణం ఉంది. ఎర్రమంజిల్‌లో హైమవతి పనిచేసే ఆఫీసు నుంచి ఈసారి బదిలీల్లో ఒక సీనియర్ అసిస్టెంట్ ఆసిఫాబాద్ వెళ్ళాలి. హైదరాబాద్ వదలకుండా ఎక్కువకాలం పాతుకుపోయిన మనిషి హైమవతే కాబట్టి న్యాయంగా ఆవిడే వెళ్ళాలి. ఆవిడ తర్వాత వరసలో ఉన్నది మధులత. అయితే పెద్ద జబ్బులున్నవాళ్ళని కదపకుండా ఉంచే వెసులుబాటు ఒకటుంది. బయాప్సీలో క్యాన్సరని తేలిన రోజే వీర్రాజు రిపోర్టు నకలు తీయించి యూనియన్ లీడర్ చేతిలో పెట్టాడు. హైమవతి పేరు పక్కకి జరిగి మధులత పేరు ముందుకొచ్చింది. మధులత మొగుడు రాకేశ్ లారీల మీద తిరిగే మనిషి, ఇంట్లో ఉండేది తక్కువ. కూతురు యశస్విని పదో తరగతి. పిల్ల పరీక్షలయ్యేదాకా ఒక్క ఏడాది ఆగమని ఆమె కూడా దరఖాస్తు పెట్టుకుంది. ఎవరు వెళ్ళాలన్నది శుక్రవారం మాసబ్ ట్యాంక్‌లో, పెద్దాఫీసులో జరిగే కౌన్సెలింగ్‌లో తేలుతుంది.

వీర్రాజు అమీర్‌పేట వైపు మెట్రో ఎక్కి ఇంటికి పోయాడు. హైమవతి అటువైపు ప్లాట్‌ఫామ్ మీదికి వెళ్ళి ఎర్రమంజిల్‌లో దిగింది. ఆఫీసుకి చేరేసరికి భోజనాల వేళయింది.

*

ఆడవాళ్ళ భోజనాలు రికార్డ్ రూమ్ పక్కన, రెండు బల్లలు కలిపిన చోట జరుగుతాయి. అందరి డబ్బాల మూతలూ తీసి మధ్యలో పెడతారు. ఎవరి కూర ఎవరైనా వేసుకోవచ్చు. అదొక చట్టం. ఆ చట్టం హైమవతి విషయంలో ఒకసారి రద్దయింది. టీబీ మందులు మొదలైన కొత్తల్లో ఎవరూ ఏమీ అనలేదు, మొహం చిట్లించలేదు. హైమవతి డబ్బా మాత్రం పెట్టింది పెట్టినట్టే ఇంటికి వెళ్ళేది. సూపరింటెండెంట్ స్వరాజ్యం ఉన్నట్టుండి గురువారాలే కాక అన్ని వారాలూ ఉపవాసాలు మొదలెట్టింది. అప్పుడు కూడా హైమవతి గోంగూరలో చెంచా పెట్టి, "జర ఉప్పు తక్కువైందక్కా," అన్నది మధులత ఒక్కతే.

క్యాన్సరని తెలిశాక చట్టం మళ్ళీ అమల్లోకి వచ్చింది. క్యాన్సర్ అంటుకోదు కదా. ఇప్పుడు అందరి డబ్బాలూ హైమవతి ముందుకే జరుగుతున్నాయి.

"ఏమన్నరు డాక్టర్లు?" స్వరాజ్యం పెరుగన్నం కలుపుతూ అడిగింది.

హైమవతి కుర్చీ లాక్కుని కూర్చుంది. "మందులేమీ వద్దన్నారు."

స్వరాజ్యం వేళ్ళు గిన్నెలోనే ఆగిపోయాయి. ఎదుటి వరసలో ఎవరో మంచినీళ్ళ గ్లాసు చప్పుడు కాకుండా కింద పెట్టారు. హైమవతికి ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. పెద్ద జబ్బు వచ్చిన మనిషిని డాక్టర్లు మందులొద్దని పంపేశారంటే ఏ ఇంట్లోనైనా ఒకటే లెక్క. ఇంటికి తీసుకెళ్ళండి, ఏది ఇష్టమైతే అది పెట్టండి అన్నట్టు. ఆ మాట విన్నాక చుట్టాలకి ఫోన్లు చేస్తారు. ఇక్కడ కూర్చున్న ప్రతి మనిషీ ఎవరో ఒకరి విషయంలో ఆ మాట విన్నదే.

"మా చిన్నాయినకు సుత గట్లనే చెప్పిండ్రు," అని ఒకామె మొదలుపెట్టి, పక్కావిడ మోచేత్తో పొడిస్తే మానేసింది.

మధులత లేచింది. ఎడమ చేతి వెనకభాగంతో ముక్కు తుడుచుకుంటూ, ఎంగిలి చెయ్యి గాల్లోనే ఉంచుకుని బయటికి వెళ్ళిపోయింది.

'జబ్బు ముదిరి కాదు, అవసరం లేక వద్దన్నారు.' ఆ మాట హైమవతి నోటి చివర తయారుగానే ఉంది. ఒక్క వాక్యం. చెబితే అందరూ అమ్మయ్య అనుకుంటారు, తర్వాత ఎవరో ఒకరు ఆలోచిస్తారు, సాయంత్రానికల్లా ఆసిఫాబాద్ తిరిగొచ్చి తన బల్ల మీద కూర్చుంటుంది. స్వరాజ్యం తన గిన్నెలోంచి పెరుగన్నం తీసి హైమవతి కంచంలో పెట్టింది. "తిను హైమా. నీకిష్టమని దానిమ్మ గింజలేసిన," అంది. అన్నేళ్ళ సర్వీసులో స్వరాజ్యం తనని హైమా అని పిలవడం అదే మొదలు. హైమవతి తలొంచుకుని తింది. మాట అన్నంతో పాటు లోపలికి పోయింది.

*

సాయంత్రం మధులత ఇంటికొచ్చింది. అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల వెనక సందులో హైమవతి వాళ్ళ అపార్ట్‌మెంట్. కింద సాఫ్ట్‌వేర్ కోర్సుల కరపత్రాలు పంచే కుర్రాళ్ళని తోసుకుంటూ, కొబ్బరిబొండాల సంచీ మోసుకుంటూ మెట్లెక్కి వచ్చింది. వచ్చీ రాగానే బొండాలు వంటింట్లో పెట్టి, డైనింగ్ టేబుల్ మీద పళ్ళెంలో ఉన్న చిక్కుడుకాయలు తన ముందుకి లాక్కుంది. ఈనె తీసి, రెండుగా తుంచి, పుచ్చుందేమోనని వెలుతురుకి పెట్టి చూసి గిన్నెలో వేయసాగింది.

"నువ్వెందుకు చేయడం? ఉంచు," అంది హైమవతి.

"చేతులు ఊకె ఉంటలేవక్కా." మరో నాలుగు కాయలు తుంచాక గానీ అసలు సంగతికి రాలేదు. "రేపు నా కాయిదం వాపస్ తీస్కుంట. నేనే పోత ఆసిఫాబాద్."

"యశస్విని పదో తరగతి కదే."

"అయితేంది? చదువుతది. అది మంచిగనే చదువుతది." ఈనె తెగింది. గోటితో మళ్ళీ పట్టుకుని లాగింది. "నీ ముంగట నాకు గా కాయిదం పెట్టాలంటెనే సిగ్గయితుండె. ఇప్పుడు నువ్వు ఇంటికాడ ఉండాలె అక్కా. సార్ దగ్గర ఉండాలె. నువ్వు గింత కష్టంల ఉంటె నేను నీ మీద పోటీ పడాల్నా?"

హైమవతి కుర్చీ దగ్గరికి లాక్కుంది. "మధూ, నువ్వనుకుంటున్నట్టు కాదు. డాక్టర్ ఏం చెప్పిందంటే..."

"కాఫీ!" అంటూ వీర్రాజు వంటింట్లోంచి రెండు గ్లాసులతో వచ్చాడు. పెళ్ళయ్యాక ఆయన ఎన్నడూ కాఫీ కలిపిన దాఖలా లేదు. ఒక గ్లాసు మధులత ముందు పెట్టి, "ఎంత పెద్ద మనసమ్మా నీది," అన్నాడు. అబద్ధమేమీ లేదు, ఆయన కళ్ళలో నిజంగానే నీళ్ళు తిరిగాయి.

మధులత కాఫీ తాగలేదు. ఎడమ చెయ్యి చాపి హైమవతి మణికట్టు పట్టుకుంది. ఆ వేళ్ళకి చిక్కుడు పసరు అంటింది. "ఏం చెప్పకక్కా. నాకెర్కనే. చెప్పుకుంట నువ్వు మల్ల ఏడ్వకు."

అప్పుడు హైమవతి నిజంగానే ఏడ్చింది. ఆ ఏడుపు చూసి మధులత కూడా ఏడ్చింది. ఇద్దరి ఏడుపులకీ కారణాలు వేరని అక్కడున్న ముగ్గురిలో ఇద్దరికి తెలుసు. తను ఎంత నీచమైన పని చేస్తోందో హైమవతికి ఆ ఏడుస్తున్నంతసేపూ తెలుస్తూనే ఉంది. అయినా చెయ్యి విడిపించుకోలేదు.

మధులత చిక్కుడుకాయలన్నీ అయ్యేదాకా కూర్చుని, ఈనెలు కాగితంలో చుట్టి చెత్తబుట్టలో వేసి, గిన్నె మీద మూత పెట్టి వెళ్ళింది.

*

గురువారం హైమవతి ఆఫీసుకి వెళ్ళేసరికి ఆవిడ కుర్చీలో మెత్తటి దిండు ఉంది. ఎవరు తెచ్చి పెట్టారో ఎవరూ చెప్పలేదు. ఆవిడ చూసేవి పెన్షన్ ఫైళ్ళు. రిటైరవ్వబోయే వాళ్ళ సర్వీసు రిజిస్టర్లు పేజీ పేజీ తిప్పి, ఏ సెలవు ఎక్కడ కలిసింది, ఏ ఇంక్రిమెంట్ ఎక్కడ తప్పింది చూసి, తేడా ఉన్నచోట చిన్న చీటీ అతికించాలి. ఆ పని ఆవిడలా చేసేవాళ్ళు ఆ ఆఫీసులో లేరు. బల్ల మీద నిన్నటిదాకా ఉన్న కట్టలు ఈరోజు లేవు. అన్నీ మధులత బల్ల మీదికి చేరాయి. మధులత మాత్రం సీట్లో లేదు.

"మీరు ఊకె కూసోండ్రి మేడం," అన్నాడు అటెండర్ సారయ్య. "పని మేం చూస్కుంటం."

ఊరికే కూర్చోవడం ఎంత కష్టమో హైమవతికి ఆ రోజే తెలిసింది. అందరూ ఆవిడ బల్ల దాటేటప్పుడు అడుగు నెమ్మదిస్తున్నారు. గొంతులు తగ్గిస్తున్నారు. తలెత్తి చూస్తే నవ్వుతున్నారు. చచ్చిపోయాక ఫోటో ముందు నిలబడి చేసే మర్యాదంతా ఆవిడకి బతికుండగానే జరుగుతోంది.

పన్నెండు దాటాక మధులత వచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. బ్యాగు డెస్కులో పెట్టి, నీళ్ళు తాగి, పెన్షన్ ఫైలు ఒకటి విప్పింది.

"పర్మిషన్ పెట్టావా?" అడిగింది హైమవతి.

"ఆ అక్కా. జర పనుండె." తలెత్తకుండానే అంది. కాసేపయ్యాక మాత్రం రిజిస్టర్ పట్టుకుని వచ్చి, "ఈ ఈఎల్ సెలవులు ఇట్ల లెక్క కడ్తే సరిపోతయా?" అని వంగి చూపించింది. హైమవతి చెప్పింది. ఆ కాస్త పనీ చెయ్యడానికి దొరికినందుకు ప్రాణం లేచొచ్చింది.

మధ్యాహ్నం యూనియన్ లీడర్ రాజనర్సయ్య పైకొచ్చాడు. మనిషి రావడానికి ముందే గొంతు వస్తుంది. ఆ రోజు ఆయన కూడా మెల్లగానే మాట్లాడాడు. "మధులత మేడం కాయిదం వాపస్ తీస్కున్నది. ఇగ మీ పేరు ఎవ్వరు ముట్టరు. రేపు ఒక్కసారి వచ్చి మొఖం చూపెట్టి పోండ్రి. మీరేం ఫికర్ చెయ్యకుండ్రి మేడం."

"రాజనర్సయ్య గారూ, ఒకవేళ నేనే వెళ్తానంటే?"

ఆయన చుట్టూ చూసి ఇంకా దగ్గరకి జరిగాడు. "ఆ మాట నోట్లకెళ్ళి రానియ్యకుండ్రి. క్యాన్సర్ పేషెంట్‌ను అడవికి తోలిండ్రని రేపు పేపర్ల పడ్తది. మాకు ఇజ్జత్ ఉండదు."

ఆ సాయంత్రం హైమవతి ఇంట్లో దీపం పెట్టి వచ్చి వీర్రాజు ఎదురుగా కూర్చుంది. "రేపు చెప్పేస్తానండీ."

"ఏమని? నీకు జబ్బు లేదనా? రిపోర్టు అబద్ధమా?"

"జబ్బుంది. మందు అక్కర్లేదంటే వాళ్ళు ఏమనుకుంటున్నారో మీకు తెలుసు."

"వాళ్ళు అనుకునేదానికి మనం పూచీనా? మనం ఒక్క అబద్ధం ఆడామా?" వీర్రాజు టీవీ కట్టేశాడు. రిమోట్‌ని రెండు చేతుల మధ్య తిప్పుతూ కూర్చున్నాడు. కోపమంతా పోయి, ఆ కుర్చీలో ఉన్నట్టుండి చిన్నగా కనిపించాడు. "రూలు నీ పక్కనుంది హైమా. మూడు నెలల తర్వాత అది పెరిగితే? ఆ ఊళ్ళో, ఒక గదిలో, ఒక్కదానివి. దగ్గు తెరలొస్తే మంచినీళ్ళిచ్చేదెవరు? నేను అనుకునేది అదే. మధులత కూతురు ఏమైపోతుందో ఆలోచించే తీరిక నాకు లేదు. నన్ను తిట్టుకో."

హైమవతి ఆయన్ని తిట్టుకోలేదు. తిట్టుకుంటే తేలికయ్యేది. ఆయన భయపడుతున్నాడు, అది కనిపిస్తోంది. తనూ భయపడుతోంది. కానీ బుధవారం భోజనాల దగ్గర తన నోరు నొక్కింది ఈ భయమొక్కటే కాదని ఆవిడకి తెలుసు. పెరుగన్నంలో దానిమ్మ గింజలు, హైమా అన్న పిలుపు. టీబీ నాడు పోయిన మర్యాద వడ్డీతో తిరిగొస్తుంటే కాదనలేకపోయింది. అది తలుచుకుంటే ఒంటి మీద చీర కూడా బరువుగా తోచింది.

*

శుక్రవారం ముసురు పట్టింది. మధులత ఆటో మాట్లాడుకుని వచ్చి, ఇంటి ముందు ఆపి, హైమవతి తడవకుండా గొడుగు పట్టి ఎక్కించింది. ఆటో పంజగుట్ట ఫ్లైఓవర్ దాటింది. గుంతల దగ్గర ఆటో ఎగిరినప్పుడల్లా మధులత చెయ్యి అడ్డం పెట్టి, "మెల్లగ పో భాయ్, పేషెంట్ ఉన్నరు," అని డ్రైవర్‌ని గదిమింది. ఆటోలో చెప్పడానికి హైమవతికి బోలెడంత సమయం ఉంది. ఖైరతాబాద్ వచ్చాక చెబుదాం అనుకుంది. లక్డీకాపూల్ సిగ్నల్ దగ్గర చెబుదాం అనుకుంది. మాసబ్ ట్యాంక్ వచ్చేసింది.

కౌన్సెలింగ్ హాలు నిండా జనం. బల్ల వెనక పెద్దాఫీసరు, ఇద్దరు గుమాస్తాలు, గోడ మీద ఖాళీల పట్టిక. పిలిచినవాళ్ళు బల్ల దగ్గరికెళ్ళి, ఊరు చెప్పి, సంతకం పెట్టి వస్తున్నారు. కొందరు బతిమాలుతున్నారు. ఒకాయన చేతులు జోడించి నిలబడితే ఆఫీసరు ఆయన వైపు చూడకుండానే, "నెక్స్ట్," అన్నాడు.

హైమవతి పేరు పిలవగానే ఆయనే కుర్చీలోంచి సగం లేచాడు. "మీరెందుకమ్మా శ్రమపడి వచ్చారు? కూర్చోండి. అమ్మకి కుర్చీ వేయండి." కుర్చీ వచ్చింది. తన ముందున్న సీల్ తీయని నీళ్ళ సీసా కూడా ఆవిడ వైపు జరిపాడు. "మిమ్మల్ని కదిపేది లేదు. నిశ్చింతగా ఉండండి. మధులత గారు ఎవరు?"

మధులత వచ్చి బల్ల ముందు నిలబడింది.

"చూడండి," అన్నాడు ఆఫీసరు హాలంతటికీ వినిపించేలా. "పొద్దున్నుంచి ప్రతివాళ్ళూ నన్ను వద్దు, నన్ను వద్దు అంటున్నారు. ఈమె కూతురు పదో తరగతి. అయినా తోటి ఉద్యోగి కోసం తనే వెళ్తానంది. ఇలాంటి వాళ్ళు కూడా ఉంటారు."

వెనక ఎవరో చప్పట్లు కొట్టారు. మధులత చెవుల దాకా ఎర్రబడి, గుమాస్తా చూపించిన చోట సంతకం పెట్టడానికి వంగింది. పెన్ను రాయలేదు. ఒకసారి విదిలించింది. మళ్ళీ వంగింది.

"సార్, ఆగండి," అంది హైమవతి.

అది తన గొంతేనా అనిపించింది. "సార్, ఆసిఫాబాద్ నేను వెళ్తాను."

ఆఫీసరు జాలిగా నవ్వాడు. "మీ ధైర్యానికి సంతోషం అమ్మా. కానీ మీ పరిస్థితి మాకు తెలుసు."

"తెలీదు సార్. మందులొద్దన్నది నిజమే. కానీ..."

"ఆ మాటలన్నీ ఇప్పుడెందుకు తల్లీ. కూర్చోండి."

రాజనర్సయ్య గబగబా వచ్చి ఆవిడ భుజం దగ్గర నిలబడ్డాడు. "మేడం పరేషాన్‌ల ఉన్నరు సార్," అని సర్దిచెప్పబోయాడు. హైమవతి కుర్చీ చెయ్యి పట్టుకుని లేచి నిలబడింది. ఇంకెలా చెప్పాలో తోచక, మర్యాద లేకుండా, బజారులో అరిచినట్టు అరిచింది.

"సార్, నేను చావడం లేదు!"

 బయట కిటికీ చూరు నుంచి కారుతున్న నీళ్ళ చప్పుడు వినిపించింది.

"నాకున్నది మెల్లగా నడిచే జబ్బట. ఇప్పుడు మందు అవసరం లేదు, అందుకని వద్దన్నారు. మూడు నెలలకోసారి చూపించుకుంటే చాలట. ఎక్కడైనా ఉద్యోగం చేసుకోవచ్చని డాక్టర్ గారే చెప్పారు. వీళ్ళంతా ఇంకోలా అనుకున్నారు. అనుకుంటుంటే నేను... నేను కాదనలేదు. ఊరుకున్నాను."  ఆఫీసరు ఇచ్చిన నీళ్ళు ఎదురుగానే ఉన్నాయి. వాటిని ముట్టుకోవడానికి మొహం చెల్లలేదు. "వెళ్ళాల్సిన వరస నాది సార్. నన్నే పంపండి."

ఆఫీసరు మొహంలో జాలి పోయి, ఏం పెట్టుకోవాలో తెలియని ఖాళీ వచ్చింది. రాజనర్సయ్య రెండడుగులు వెనక్కి వేశాడు. హైమవతి ఇంకెవరినీ చూడలేదు, మధులతనే చూసింది. తిడుతుందనుకుంది. తిడితే బాగుండుననుకుంది.

మధులత చేతిలో పెన్ను అలాగే ఉంది. "అంటే," అంది మెల్లగా, "నువ్వు బతుకుతవా అక్కా?"

"ఊఁ."

"నిజంగనా? ఒట్టా?"

హైమవతి తలూపింది. మధులత పెన్ను బల్ల మీద పారేసి వచ్చి ఆవిడని రెండు చేతులా చుట్టేసింది. నవ్వుతోంది, ఏడుస్తోంది. "మా అక్కకు ఏం గాలే సార్! అక్క బతుకుతది!" అని ఆఫీసరుతో చెప్పింది, ఆయనకి తెలియనట్టు. ఆ కౌగిలిలో హైమవతి కట్టెలా నిలబడిపోయింది. చెంపదెబ్బ కొట్టినా అంత సిగ్గు కలిగేది కాదు.

హైమవతి ఆసిఫాబాద్‌కి సంతకం పెట్టింది. గుమాస్తా పట్టికలో ఆ ఊరి పేరు కొట్టేసి, "నెక్స్ట్," అన్నాడు.

*

వాన కాస్త తెరిపిచ్చింది. ఇద్దరూ గేటు బయటికొచ్చి ఆటో కోసం నిలబడ్డారు. మధులత అప్పటిదాకా రాకేశ్‌కి ఫోన్లో గలగలా చెబుతూనే ఉంది. ఫోన్ బ్యాగులో వేశాక ఏదో అడగబోయి ఆగి, మళ్ళీ అడిగింది.

"డాక్టరమ్మ ఈ ముచ్చట ఎప్పుడు చెప్పింది అక్కా?"

హైమవతి అబద్ధం ఆడొచ్చు. నిన్న సాయంత్రం ఫోన్ చేసిందని అనొచ్చు. నోరు ఆ వైపుకి వెళ్ళింది కూడా. "బుధవారం పొద్దున," అంది.

"బుధవారం పొద్దున." మధులత ఆ మాట తనే ఒకసారి అనుకుంది. "నేను మీ ఇంటికి బుధవారం సాయంత్రం వచ్చిన కద."

"అవును మధూ."

మధులత రోడ్డు వైపు చూస్తూ మాట్లాడింది. గొంతు పెంచలేదు. "నిన్న పొద్దుగాల బిడ్డను హాస్టల్ల ఏసొచ్చిన. అమీర్‌పేటలనే, వాళ్ళ స్కూల్ పక్కకు. గేటు కాడ నా కొంగు పట్టుకుని ఇడ్వలే. గంత పెద్ద పిల్ల. పెద్దమ్మకు మంచిగ లేదు బిడ్డా, మనం గీపాటి చెయ్యకుంటె ఎట్లా అని చెప్పి, వేళ్ళు ఒక్కొక్కటి ఇడిపించుకొని వచ్చిన. ఎన్కకు సుత తిరిగి చూడలే, చూస్తే రాలేనని."

"చెబుదామనే అనుకున్నాను. మీ అన్నయ్య..." వీర్రాజు మీదికి తోసెయ్యబోతున్నానని తెలిసి ఆపేసింది. "కాదు. నేనే చెప్పలేదు. నన్ను క్షమించు మధూ."

మధులత వస్తున్న ఆటోకి చెయ్యి ఎత్తింది. అది ఆగింది. "అమీర్‌పేట," అని చెప్పి ఎక్కి కూర్చుంది. ఒళ్ళో బ్యాగు పెట్టుకుని, జిప్పు సరిగా పడిందో లేదో చూసుకుని, అప్పుడు బయటికి చూసింది. హైమవతి మొహం వైపు కాదు, భుజాల వైపు.

"ఆసిఫాబాద్‌ల చలికాలం మస్తు సలి ఉంటది. మీకు పడదు. మంచి రగ్గులు రెండు పట్కపోండ్రి," అంది. ఆగి, "మేడం," అని చేర్చింది.

మళ్ళీ చినుకులు మొదలయ్యాయి. హైమవతి ఇల్లు కూడా అమీర్‌పేటలోనే. ఆటోలో ఇంకొకరికి చోటుంది. మధులత రమ్మనలేదు, హైమవతి అడగలేదు. ఆటో కదిలిపోయింది.